మడిలో మొదలైన జ్వరం: ఒక మెలియాయిడోసిస్ కేసు

ఆగస్టు ఆఖరి వారం. మెడిసిన్ వార్డు నుంచి రెండు బ్లడ్ కల్చర్ సీసాలు, అంటే రక్తంలో క్రిమి ఉంటే పెంచి చూసే సీసాలు, వచ్చాయి. వాటితో వచ్చిన ఫారం మీద మూడే ముక్కలు: మూడు వారాల జ్వరం, టీబీ మందుల మీద ఉన్నారు, షుగర్. వయసు 51, మగ. వృత్తి అన్న గడి ఖాళీగా ఉంది.

నేను క్లినికల్ మైక్రోబయాలజిస్టుని. మా ల్యాబ్‌కి మనుషులు రారు. వాళ్ళ రక్తం, కఫం, చీము, మూత్రం వస్తాయి. ఆ మనిషి ఎవరు, ఎక్కడ తిరుగుతాడు, ఏం పని చేస్తాడు అనేది ఆ కాగితం చెబితేనే మాకు తెలుస్తుంది. ఈ కేసులో ఆ ఖాళీ గడిలోనే జవాబంతా ఉంది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. పేషెంటు అనుమతి తీసుకున్నాను. ఆయన పేరు, ఊరు రాయడం లేదు.

ఆయనది డెల్టాలో ఒక పల్లె. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. ఆరేళ్ళుగా షుగర్ ఉంది. మాత్రలు ఉన్నప్పుడు వేసుకోవడం, అయిపోతే మానేయడం. ఆగస్టు మొదట్లో చలితో జ్వరం మొదలైంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఐదు రోజులు ఇంజెక్షన్లు చేయించుకున్నారు. తగ్గలేదు. దగ్గు, ఆయాసం తోడయ్యాయి. టౌన్‌లో ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. కఫం పరీక్ష చేయకుండానే టీబీ మందులు మొదలుపెట్టారు. అలా పెట్టిన డాక్టరుని నేను తప్పు పట్టలేను. సాయంకాలం జ్వరం, దగ్గు, ఏడు కిలోల బరువు తగ్గడం, పైభాగంలో మచ్చ, షుగర్ ఉన్న మనిషి. మన దేశంలో ఈ ఐదూ ఒకచోట కనబడితే ఎవరికైనా ముందు టీబీయే గుర్తొస్తుంది. కానీ రెండు వారాలు మందులు మింగినా జ్వరం ఒక్క డిగ్రీ దిగలేదు. పైగా ఎడమ తొడ వాచి, ఎర్రబడి, ముట్టుకోనివ్వనంత నొప్పి పెట్టింది. అప్పుడు మా దగ్గరికి తీసుకొచ్చారు.

చేరేసరికి షుగర్ 412. నిమిషానికి 28 సార్లు ఊపిరి తీస్తున్నారు. బీపీ తక్కువగా ఉంది. కఫంలో టీబీ కోసం చేసిన జన్యు పరీక్ష నెగటివ్. రెండోసారి చేసినా నెగటివే. కడుపు స్కాన్‌లో కాలేయంలో ఒక చీముగడ్డ, ప్లీహంలో చిన్నచిన్నవి నాలుగైదు కనిపించాయి. ఊపిరితిత్తి, కాలేయం, ప్లీహం, తొడ. నాలుగు చోట్ల చీము ఉందంటే అది రక్తం దారిన పాకుతోందన్నమాట.

మర్నాడు ఉదయం మొదటి సీసా మెషిన్‌లో పాజిటివ్ చూపించింది. గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే సన్నటి గులాబీ రంగు కడ్డీలు. అంటే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా. రెండు కొసలూ ముదురుగా, మధ్యలో లేతగా రంగు పట్టాయి. మూసిన పిన్నీసులా అంటారు దీన్ని. ఇంకొన్ని బ్యాక్టీరియా కూడా ఇలా కనిపిస్తాయి కాబట్టి దానితోనే ఏదీ తేలదు. ప్లేట్ల మీద వేసి ఇంక్యుబేటర్‌లో పెట్టాం. 24 గంటలకి ఆవగింజలో సగం కూడా లేని కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపులు, వచ్చాయి. మా జూనియర్ "సూడోమోనాస్ జాతి" అని రాసి రిపోర్టు సిద్ధం చేసింది. గుర్తింపు మెషిన్‌లో పెడితే అది బర్ఖోల్డేరియా సెపాసియా అని చూపించింది. ఆ రిపోర్టు అలాగే వెళ్ళి ఉంటే వార్డులో దాన్ని ఐవీ గొట్టంలోనో సెలైన్‌లోనో చేరిన ఆసుపత్రి క్రిమి అనుకునేవారు. మందు వేరే పెట్టేవారు.

ఆపింది యాంటీబయాటిక్ బిళ్ళల ప్లేటు. మందు పనిచేస్తే దాని బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగదు. జెంటామైసిన్ బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా అంచుదాకా పెరిగింది. కొలిస్టిన్ చుట్టూ కూడా అంతే. కొలిస్టిన్ అంటే ఏదీ పనిచేయనప్పుడు ఐసీయూలో ఆఖరికి వాడే మందు. దానికి లొంగని ఈ మొండి క్రిమి, వీధి చివరి మందుల షాపులో కూడా దొరికే అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ బిళ్ళ దగ్గర మాత్రం వెడల్పుగా వెనక్కి తగ్గి నిలబడింది. ఆక్సిడేజ్ అనే రసాయన పరీక్షలో పాజిటివ్ అయిన గ్రామ్ నెగటివ్ కడ్డీల్లో ఈ మూడూ కలిసి కనబడితే అనుమానించాల్సిన పేరు ఒకటే: బర్ఖోల్డేరియా సూడోమాలై. అది తెచ్చే జబ్బు మెలియాయిడోసిస్.

వెంటనే ప్లేట్లన్నీ, క్రిములు గదిలోకి రాకుండా ఆపే బయో సేఫ్టీ క్యాబినెట్‌లోకి మార్పించాను. ఇక్కడ ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళకి ఒక మాట. ఈ కాలనీలకి తొలకరి మట్టి వాసన లాంటి వాసన ఉంటుందని పాతవాళ్ళు చెప్పేవారు. దయచేసి ఎవరూ మూత తీసి వాసన చూడకండి. ఈ క్రిమి గాలిలో తుంపర్ల ద్వారా ఊపిరితిత్తుల్లోకి పోగలదు. బల్ల మీద ఈ ప్లేట్లు తెరిచిన ముగ్గురినీ మూడు వారాలు రోజూ జ్వరం చూసుకోమన్నాం. వాళ్ళలో ఒకరికి షుగర్ ఉంది. ఆయనకి 21 రోజులు ముందుజాగ్రత్తగా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాం. ఎవరికీ ఏమీ కాలేదు.

వార్డుకి ఫోన్ చేసి "ఆ పేషెంటు ఏం పని చేస్తారు?" అని అడిగాను. "కనుక్కుంటాను మేడమ్" అన్నాడు పీజీ అబ్బాయి. ఆగలేక నేనే పైకి వెళ్ళాను.

ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. భార్య పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. దుప్పటి పక్కకి తీసి కాళ్ళు చూశాను. మడమలు నెర్రెలు విచ్చిన నేలలా ఉన్నాయి. కుడి కాలి బొటనవేలి పక్కన మానుతున్న గాయం ఒకటి.

"ఇది ఎప్పటిదమ్మా?"

"దమ్ము చేసేటప్పుడు గాజుపెంకో ఏదో గుచ్చుకుందమ్మా. పసుపు అద్ది మళ్ళీ దిగాడు. నాట్లు ఆగవు కదా."

"జ్వరం దానికి ఎన్నాళ్ళ తర్వాత వచ్చింది?"

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఎనిమిదో, పదో రోజులు."

ఈ జబ్బులో క్రిమి ఒంట్లోకి చేరిన దగ్గర్నుంచి లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఒక రోజు నుంచి మూడు వారాలు, సగటున తొమ్మిది రోజులు పడుతుంది. ఆమె వేళ్ళ మీద చెప్పిన లెక్క సరిగ్గా సరిపోయింది.

ఆ క్రిమి ఇల్లు ఎక్కడ?

రోగాన్నిచ్చే క్రిమి అనగానే మనకి మరో రోగి గుర్తొస్తాడు. ఎవరో దగ్గారు, తుమ్మారు, మనకి అంటుకుంది అనుకుంటాం. టీబీ అలాంటిదే. దానికి ఇల్లు మనిషి ఊపిరితిత్తే. బయట ఎండ తగిలితే ఎక్కువసేపు నిలవదు. కానీ చాలా క్రిములకి మనతో పనే లేదు. వాటి ఊరు వేరు, బతుకు వేరు. కలరా క్రిమి సముద్రం నదితో కలిసే చోట, ఉప్పూ తీపీ కలిసిన నీళ్ళలో, కంటికి ఆనని చిన్న రొయ్యజాతి జీవుల ఒంటిని పట్టుకుని బతుకుతుంది. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పశువుల పేడలో గింజలాంటి గట్టి రూపంలో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. గాలి తగలని లోతైన గాయం దొరికితేనే లేస్తుంది. ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరా తడి బురదలో వారాలు ఉంటుంది, ఎండితే చస్తుంది. ఇవన్నీ వాటి పాటికి అవి బతుకుతుంటే, మనమే వాటి ఊళ్ళో కాలు పెడతాం.

సూడోమాలై క్రిమి నేలలో ఉంటుంది. ముఖ్యంగా నీళ్ళు నిలిచే పొలాల్లో. ఉష్ణమండలం పొడుగునా, ఉత్తర ఆస్ట్రేలియా నుంచి థాయిలాండ్, మలేషియా మీదుగా మన దేశం దాకా దీన్ని గుర్తించారు. పైపైన కంటే అడుగు లోతులో ఎక్కువగా దొరుకుతుంది. ఎండాకాలం నేల పైపొర ఎండినప్పుడు కింద తేమ ఉన్న జిగురుమన్నులో ఉండిపోతుందనీ, వానలకి నీటిమట్టం పైకి వచ్చినప్పుడు తనూ పైకి వస్తుందనీ ఈ రంగంలో పనిచేసేవాళ్ళు వివరిస్తారు. అందుకే ఈ జబ్బు వానాకాలంలో ఎక్కువ. పెద్ద గాలివాన వచ్చినప్పుడు తుంపర్లతో లేచి ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. ఆ రోజుల్లో న్యుమోనియా కేసులు పెరుగుతాయి.

ఒక క్రిమి పెరగాలంటే ఏం కావాలో మన ఇళ్ళలో ఆడవాళ్ళకి పుస్తకాలు చదవకుండానే తెలుసు. ఇడ్లీ పిండి ఎండాకాలం రాత్రికి పొంగి గిన్నె దాటుతుంది. సంక్రాంతి చలిలో తెల్లారినా పొంగదు, దుప్పటి కప్పి పొయ్యి పక్కన పెడతారు. అది వెచ్చదనం. వడియాలు మూడెండలు ఎండితే ఏడాది ఉంటాయి, ముసురుపట్టి మధ్యలో ఆగితే బూజు పడతాయి. అది తడి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వదు మా అత్తగారు. ఉప్పు, పులుపు, పైన నూనె తెర కలిసి కాపలా కాస్తున్న చోట ఒక్క నీటి చుక్క పడితే అక్కడ ఉప్పు పల్చబడుతుంది, బూజు మొదలవుతుంది. చింతపండు పులిహోర ప్రయాణాల్లో రెండో పూటకి కూడా బాగుంటుంది, అదే గిన్నెలో వట్టి అన్నమైతే చెడుతుంది. అది పులుపు. తడి, వెచ్చదనం, తిండి, గాలి, పులుపూ ఉప్పుల మోతాదు, చాలినంత సమయం. ఈ ఆరూ ఏ క్రిమికి ఎంతెంత కావాలన్నదే మా చదువులో సగం.

సమయం గురించి ఒక లెక్క చెబుతాను. 20 నిమిషాలకి రెండింతలయ్యే బ్యాక్టీరియా ఒక్కటి, అన్నీ కలిసొస్తే, ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. టీబీ క్రిమి రెండింతలు కావడానికి 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది. అందుకే దాని కల్చర్‌కి వారాలు పడుతుంది. మనకి రోజూ తెలిసిన క్రిములకి చాలావరకు ఈ ఆరింట్లో ఒకటి తప్పిస్తే చాలు, పెరగడం ఆగిపోతుంది.

సూడోమాలై దగ్గర ఈ లెక్క కుదరదు. అది చాలా తక్కువతో బతుకుతుంది. పొలం మట్టిలో 30 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, మన ఒంట్లో 37 డిగ్రీల దగ్గరా అంతే హాయిగా ఉంటుంది, ల్యాబ్‌లో 42 డిగ్రీల దగ్గర కూడా పెరుగుతుంది. మడిలో నీళ్ళు నిలిచి గాలి తగ్గిపోతే ఆక్సిజన్ బదులు నైట్రేట్‌తో నెట్టుకొస్తుంది. తిండి మాటకొస్తే, థాయిలాండ్‌లో పరిశోధకులు దీన్ని వట్టి డిస్టిల్డ్ వాటర్‌లో వేసి 25 డిగ్రీల దగ్గర ఉంచారు. పోషకం ఒక్కటీ లేదు. 16 ఏళ్ళ తర్వాత తీసి చూస్తే బతికే ఉంది. దీనికి పడనివి ఎండిపోవడం, నేరుగా తగిలే ఎండ. మన వరి మడి బురద లోపల నాట్ల నెలల్లో ఆ రెండూ ఉండవు.

2021లో అమెరికాలో నాలుగు వేర్వేరు రాష్ట్రాల్లో నలుగురికి ఈ జబ్బు వచ్చింది. వాళ్ళలో ఎవరూ ఉష్ణమండల దేశాలకి వెళ్ళినవాళ్ళు కారు. ఇద్దరు చనిపోయారు, వారిలో ఒకరు చిన్నపిల్లాడు. నెలల పాటు వెతికితే ఒక ఇంట్లో గదికి సువాసన కోసం కొట్టే స్ప్రే సీసాలో క్రిమి దొరికింది. ఆ స్ప్రే మన దేశంలో తయారైంది. నీళ్ళున్న సీసాలో కూర్చుని సముద్రాలు దాటి పోయిందది. ఈ సంగతి నేను ప్రతి బ్యాచ్ విద్యార్థులకీ చెబుతాను. తిండి లేకపోతే చచ్చిపోతుందిలే అన్న ధీమా దీని దగ్గర పెట్టుకోకూడదు.

మనిషి ఒంట్లో

వార్డులో పేషెంటు కొడుకు అడిగాడు: "మేడమ్, మా ఊళ్ళో అందరూ బురదలోనే ఉంటారు. నాన్నకే ఎందుకు వచ్చింది?"

మంచి ప్రశ్న. ఈ క్రిమి ఉన్న ఊళ్ళలో చాలామంది ఒంట్లోకి అది ఎప్పుడో ఒకప్పుడు చేరే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ తెల్లకణాలు దాన్ని అక్కడికక్కడే తేల్చేస్తాయి. ఈ జబ్బు బారిన పడ్డవాళ్ళలో సుమారు సగం మందికి, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ మందికి, షుగర్ ఉంటోంది. రక్తంలో తీపి ఎక్కువై క్రిమికి తిండి దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అది కాదు. షుగర్ అదుపు తప్పినప్పుడు క్రిమి మీదికి ముందుగా పరిగెత్తే తెల్లకణాలు మందగిస్తాయి. సమయానికి చేరవు, చేరినా మింగి చంపలేవు. సూడోమాలైకి ఇంకో విద్య కూడా వచ్చు. తనని మింగిన కణంలోనే కాపురం పెట్టి, ఆ కణంలోని పోగులనే తోకలా వాడుకుని పక్క కణంలోకి దూసుకుపోతుంది. అందుకే ఒకచోట అణిగినట్టు ఉండి ఇంకోచోట చీముగా లేస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి, మద్యం ఎక్కువగా తాగేవాళ్ళకి కూడా ముప్పు ఎక్కువే.

ఇంకొందరిలో ఇది ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. వియత్నాం యుద్ధం నుంచి ఇంటికి వెళ్ళిన అమెరికా సైనికుల్లో చాలాకాలం తర్వాత బయటపడి, దానికి టైంబాంబు అని పేరు తెచ్చింది. ఇప్పటిదాకా నమోదైన వాటిలో అన్నిటికంటే ఎక్కువ గడువు 62 ఏళ్ళు.

ఒక పాత ప్లేటు

ఇది రాయకుండా ఈ కేసు పూర్తి కాదు. చాలా ఏళ్ళ క్రితం, వేరే ఊళ్ళో పనిచేసే రోజుల్లో, ఒక తాపీమేస్త్రీ రక్తం వచ్చింది. రెండు సీసాల్లో ఒకదాంట్లోనే ఇలాంటి చిన్న కాలనీలు పెరిగాయి. "బయటి నుంచి చేరినది కావచ్చు, మళ్ళీ శాంపిల్ పంపండి" అని రాసి సంతకం పెట్టాను. మట్టిలో నీళ్ళలో ఉండే గ్రామ్ నెగటివ్ కడ్డీ రక్తంలో కనబడితే, చర్మం మీది నుంచో సీసా మూత మీది నుంచో పడిందనుకోవడం అప్పట్లో మా అందరికీ అలవాటు. రెండో శాంపిల్ రాలేదు. ఆయన చనిపోయారని నాలుగో రోజున తెలిసింది. అప్పటికే ప్లేటు, క్రిములని ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌లోకి వెళ్ళిపోయింది.

ఆయన రోజంతా పునాది గోతుల్లో నిలబడే మనిషి. ఆ సంగతి ఫారం మీద లేదు, నేనూ అడగలేదు. మట్టిలో ఉండే క్రిమి కాబట్టి రోగం కాదనుకున్నాను. ఆ మనిషి బతుకంతా మట్టిలోనే గడిచిందన్న ఆలోచన నాకు రాలేదు. ఆ తర్వాత ఈ జబ్బు గురించి దొరికిందల్లా చదివాను. ఈసారి కొలిస్టిన్ బిళ్ళ దగ్గర నా చెయ్యి ఆగిందంటే ఆయన వల్లే.

చదువుతుంటే తెలిసింది, ఈ జబ్బుని మొదట పట్టుకున్నది రంగంలో అని. రంగం అంటే బర్మాలోని రంగూన్. మా తాతల తరంలో కాకినాడ, విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి రంగం వెళ్ళి రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు వేల మంది. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. ఆ ఊరి పెద్దాసుపత్రి శవపరీక్ష గదిలో 1911లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే డాక్టరు, ఆయన సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో జున్నులాంటి చీముతో చనిపోయిన పేదల దేహాల్లో కొత్త క్రిమిని గుర్తించారు. మరుసటి ఏడాది అచ్చువేశారు. నూరేళ్ళు దాటింది. మన దగ్గర వైద్య విద్యార్థులకి ఇది ఇప్పటికీ పుస్తకం చివర ఒక పేరాగ్రాఫ్ మాత్రమే. 2016లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 1,65,000 మందికి ఈ జబ్బు వస్తోంది, 89,000 మంది చనిపోతున్నారు. అందులో అందరికంటే పెద్ద వాటా దక్షిణాసియాదే. 2025లో గుంటూరు దగ్గర తురకపాలెం ఊళ్ళో జరిగిన మరణాల వార్తల్లో ఈ పేరు వినబడ్డాక మాత్రం జిల్లాల నుంచి డాక్టర్లు నాకు ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టారు.

వైద్యం

తొడ గడ్డని సర్జన్ కోసి చీము తీశారు. ఆ చీములో అదే క్రిమి వచ్చింది. ఆష్‌డౌన్ అగార్ అనే ప్రత్యేకమైన ప్లేటు మీద నాలుగో రోజుకి ఊదారంగులో, ముడతలు పడిన ఎండు పువ్వుల్లా కాలనీలు విచ్చుకున్నాయి. పెద్ద ల్యాబ్‌కి పంపితే జన్యువులు వెతికే పీసీఆర్‌లో ఖాయమైంది. మందు మాత్రం ఆ జవాబు కోసం ఆగకుండా అనుమానం వచ్చిన రోజే మొదలుపెట్టాం. టీబీ మందులు ఆపేశారు.

ఇచ్చింది సెఫ్టాజిడిమ్, రక్తనాళంలోకి. వార్డుల్లో జ్వరం అనగానే అలవాటుగా పెట్టే సెఫ్ట్రియాక్సోన్ దీని ముందు బలహీనం. 1989లో అచ్చయిన థాయిలాండ్ పరిశోధనలో, పాత పద్ధతి మందులతో తీవ్ర మెలియాయిడోసిస్ రోగుల్లో 74 శాతం చనిపోతే, సెఫ్టాజిడిమ్‌తో అది 37 శాతానికి తగ్గింది. సరైన పేరు సరైన రోజున రిపోర్టు మీద పడటం అంటే ఆ తేడాయే.

ఐదో రోజు సాయంత్రం వార్డు నుంచి ఫోన్. "మేడమ్, ఇంకా 102 ఉంది. మందు మార్చమంటారా?" వాళ్ళ టెన్షన్ నాకు అర్థమైంది. ఇంట్లోవాళ్ళు మంచం చుట్టూ నిలబడి అడుగుతుంటే జవాబు చెప్పాల్సింది వాళ్ళే. కానీ ఈ జబ్బులో సరైన మందు పడ్డా జ్వరం దిగడానికి సగటున తొమ్మిది రోజులు పడుతుంది. లోపల చీము గడ్డలుంటే ఇంకా ఎక్కువ. అంతలోనే మందు పనిచేయడం లేదనుకుని మార్చేస్తే చేతిలో ఉన్న మంచి ఆయుధాన్ని మనమే పడేసినట్టు. రక్తం మళ్ళీ కల్చర్ చేశాం. ఏమీ పెరగలేదు. అది చూపించి ఆగమన్నాను. పదకొండో రోజు జ్వరం 99కి వచ్చింది. ఆ రోజు ఆయన మొదటిసారి లేచి కూర్చుని పెరుగన్నం తిన్నారు.

కాలేయంలో, ప్లీహంలో గడ్డలున్నాయి కాబట్టి ఇంజెక్షన్లు నాలుగు వారాలు సాగాయి. ఇన్సులిన్‌తో షుగర్ దారికి వచ్చింది. ఆ తర్వాత కోట్రైమాక్సజోల్ మాత్రలు, తోడుగా ఫోలిక్ యాసిడ్, కనీసం మూడు నెలలు. అసలు గండం ఇక్కడే ఉంటుంది. జ్వరం తగ్గి, ఆకలి వేసి, బరువు పెరుగుతున్న మనిషికి రోజూ ఇన్ని మాత్రలు ఎందుకో అర్థం కాదు. మధ్యలో మానేస్తే దాక్కున్న క్రిమి మళ్ళీ లేస్తుంది. ఆ మాత్రలతో ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, రక్తంలో పొటాషియం పెరగవచ్చు. కాబట్టి రెండు వారాలకోసారి రక్తపరీక్షకి రమ్మన్నాం. భార్య ఒక క్యాలెండర్ తీసుకుని మాత్ర వేసిన పూటకల్లా ఎర్ర గీత పెట్టింది. వచ్చిన ప్రతిసారీ ఆ క్యాలెండర్ చుట్ట చుట్టి తెచ్చేది.

పొలం దగ్గర

మార్చిలో కమ్యూనిటీ మెడిసిన్ సహోద్యోగితో కలిసి ఆయన పొలానికి వెళ్ళాను. అడుగు లోతు తవ్వి, ఒక్కోచోట పది గ్రాముల చొప్పున మట్టి తీశాం. కొలిస్టిన్ కలిపిన ద్రవంలో, 40 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచి, ఆ తర్వాత ఆష్‌డౌన్ ప్లేట్ల మీద వేశాం. మిగతా మట్టి క్రిములు ఆ వేడికీ కొలిస్టిన్‌కీ తగ్గిపోతే ఇది పైకి తేలుతుంది. ఏమీ రాలేదు. మేం తీసింది కొద్ది చోట్లే. ఒక్క పొలంలో నూరు చోట్ల తీయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి, ఎందుకంటే ఒక మూల ఉండి రెండు గజాల అవతల ఉండకపోవచ్చు. పైగా మేం వెళ్ళింది నేల ఎండుతున్న నెలలో. ఆ జవాబుని బట్టి ఆ పొలంలో క్రిమి లేదని ఎవరికీ చెప్పలేదు. ఊరివాళ్ళకి "మీ మట్టి చెడ్డది" అని కూడా చెప్పలేదు. అలాంటి మాట ఒక్కటి బయటికి వెళితే ఆ ఊరి కౌలు ధర, ఆ ఊరి పిల్లల పెళ్ళి సంబంధాలు కూడా దెబ్బతింటాయి.

రచ్చబండ దగ్గర పాతికమంది కూడారు. గమ్ బూట్లు వేసుకోమంటారా అని ఒకాయన అడిగాడు. నేను బురదలో దిగి చూశాను. దమ్ము చేసిన మడిలో బూటు దిగబడితే కాలు పైకి వస్తుంది, బూటు అక్కడే ఉంటుంది. గట్లు వేసేటప్పుడు, కాలవ పూడిక తీసేటప్పుడు వేసుకోవచ్చు, నాట్లలో కుదరదు. అందుకని కుదిరేవే చెప్పాను. కాలికి గాయం ఉంటే అది మానేదాకా మడిలోకి ఇంకొకరిని దింపండి. తప్పకపోతే తడి తగలకుండా కట్టు కట్టి దిగండి, బయటికి రాగానే మార్చండి. పని కాగానే కాలవ నీళ్ళతో కాకుండా శుభ్రమైన నీళ్ళతో, సబ్బుతో కాళ్ళు కడగండి. గాలివానలో పొలంలో ఉండిపోకండి. షుగర్ మాత్రలు నాట్ల నెలల్లో అస్సలు ఆపకండి. షుగర్ ఉన్నవాళ్ళకి నాలుగైదు రోజులు దాటి జ్వరం ఉంటే డాక్టరుతో నోరు తెరిచి చెప్పండి, నేను బురదలో పని చేస్తాను అని.

వెనక వరసలో కూర్చున్న మన పేషెంటు అప్పుడు అన్నారు: "చేలో దిగకుండా వరి ఎట్టా పండుద్దమ్మా?" ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా అడిగారు. దిగమనే చెప్పాను. పచ్చి గాయంతో దిగవద్దన్నాను.

ఇప్పుడు మా ల్యాబ్ ఫారంలో ఒక వరస చేర్పించాం: "పని ఏమిటి? గత నెల రోజుల్లో మట్టిలో, బురదలో, నిలవ నీళ్ళలో పని చేశారా? షుగర్ ఉందా?" మొదట్లో వార్డువాళ్ళు ఖాళీగానే పంపేవారు. నింపని ఫారాలని వెనక్కి పంపకుండా, ఫోన్ చేసి అడిగి మేమే నింపడం మొదలుపెట్టాం. రెండు నెలలకి వాళ్ళే రాస్తున్నారు.

కొత్త సార్వాకి కాలవలు వదిలిన వారంలో ఆయన ఆఖరి చెకప్‌కి వచ్చారు. స్కాన్‌లో గడ్డలు లేవు. పోయిన ఏడు కిలోలూ తిరిగి వచ్చాయి. అడక్కుండానే చెప్పులు విడిచి కాళ్ళు చూపించారు. మడమల పగుళ్ళు చాలావరకు పూడాయి. ఎడమ మడమన ఒక్కటి ఇంకా ఉంది. అది మానేదాకా బావమరిది దమ్ము చేస్తాడని భార్య చెప్పింది.

నిన్న మధ్యాహ్నం ఇంకో ఫారం వచ్చింది. వయసు 44, ఆడ. పది రోజుల జ్వరం, చంక కింద గడ్డ. కొత్త వరసలో ఎవరో నీలం సిరాతో రాశారు: "ఇటుకల బట్టీలో మట్టి తొక్కుతుంది. షుగర్ ఉంది, మందులు వాడటం లేదు." చీముని మామూలు ప్లేట్లతో పాటు ఆష్‌డౌన్ మీద కూడా వేశాం. ఈ ఉదయానికి ఏమీ కనబడలేదు. ఆ ప్లేటుని ఏడు రోజులు ఉంచుతాం.